చుక్క లేని గడి

మా ఆయన బోర్డుల పెయింటరు. కొట్ల పేర్లు రాసీ రాసీ చెయ్యి ఎంత కుదురుకుందంటే, స్కేలు పెట్టకుండానే గోడ మీద తిన్నగా గీత గీసేస్తాడు. నోటికి మాత్రం ఆ కుదురు రాలేదు.

ఫ్లెక్సీలొచ్చి పని తగ్గాక ఊరికే కూర్చోలేక, ముందుగది గోడంతా వంశవృక్షం వేయడం మొదలెట్టాడు. ఫోన్లు చేసి, ఊళ్లు తిరిగి ఎవరెవరి ముత్తాతల్నో తవ్వి తీశాడు. మనిషికో గడి. పోయినవాళ్ల పేరు కింద నల్లచుక్క, ఉన్నవాళ్లకి లేదు. ఒక్క తప్పు పట్టినా మీసం తీయించుకుంటానని నాతో పందెం వేశాడు. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

పూర్తయ్యాక చుట్టాలందర్నీ పిలిచాడు. ఆయన చెల్లెలు తన కూతుర్ని తీసుకొచ్చింది. ఆ పిల్ల పాకే వయసులో ఉండగా తండ్రి వాళ్లని వదిలేసి వెళ్లిపోయాడు. కూతురికి ఏం చెప్పి పెంచిందో మేమెవరం అడగలేదు.

ఆడపడుచూ నేనూ వంటింట్లో టీ గ్లాసులు కడుగుతున్నాం. ముందుగదిలో మేనకోడలు గోడ దగ్గరికెళ్లి, మామయ్య చిన్నబోకూడదని కాబోలు, మెల్లిగానే అంది.

"మామయ్యా, నాన్న పేరు కింద చుక్క మర్చిపోయావు."

తప్పు అనేసరికి ఈయనకి రోషం పొడుచుకొచ్చింది.

"మర్చిపోవడమేమిటే? బతికున్నవాడికి చుక్కెలా పెడతాను? సైకిళ్ల కొట్టు పెట్టుకుని నిక్షేపంలా ఉన్నాడు. నేనే కనుక్కున్నా."

కనుక్కున్నాడట! ఎవరు కనుక్కోమన్నారు?

నా పక్కన ఆడపడుచు కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతోంది. ఆ పిల్ల వంటింటి గుమ్మం దాకా వచ్చి తల్లి మొహంలోకి చూసింది. సంచీ తీసుకుని బయటికెళ్లిపోయింది.

ఆడపడుచు చేతులు తుడుచుకుని అన్న ముందుకొచ్చింది.

"నన్నొక్క మాట అడగాల్సింది, అన్నయ్యా. దానికి నేను చెప్పుకోవాల్సిన మాట అది."

అని కూతురి వెనకాలే వెళ్లింది. మా ఆయనకి ఏం తోచిందో, బ్రష్షు తీసి ఆ పేరు కింద చుక్క పెట్టబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. చుట్టాలందరి ముందూ నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్కొక్కరే చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున మా ఆయన మీసం లేకుండా స్నానాలగదిలోంచి బయటికొచ్చాడు. గోడ మీద ఎవరూ తప్పు పట్టలేదు, అయినా తీసేసుకున్నాడు. బతికున్నవాళ్ల గడులన్నిటికీ తెల్లరంగు పూసేశాడు. తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, పేరు రాయొచ్చా అని అడగడం మొదలెట్టాడు. అందరూ సరేనన్నారు. చెల్లెలు మాత్రం ఫోనెత్తలేదు. ఇవాళ్టికీ ఎత్తడం లేదు.

చివరికి నా దగ్గరికొచ్చి, తల దించుకుని, నీ పేరు రాయమంటావా అని అడిగాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ మనిషి నన్ను అనుమతి అడగడం ఇదే మొదలు. ఇంకెప్పుడైనా అయితే పడీ పడీ నవ్వేదాన్ని.

ఆడపడుచు గడి నిండేదాకా నాదీ ఖాళీగానే ఉండనివ్వమన్నాను.