గడ్డం కింద రెండు వేళ్లు

2022 వానాకాలం. హనుమకొండలో నేను న్యూరాలజిస్టుగా పనిచేసే ఆసుపత్రిలో శనివారాలు బోట్యులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్ల రోజు. పాడైన తిండిలో పుట్టే విషమే ఇది. చుక్కంత తీసుకుని, మన మాట వినకుండా బిగుసుకునే కండరంలోకి ఎక్కిస్తే మూడు నెలల పాటు అది నెమ్మదిస్తుంది. ముఖం మీది ముడతలకు వాడేదీ ఇదే కాబట్టి, నీ దగ్గరికి సినిమావాళ్లు వస్తారా అని చుట్టాలు ఆటపట్టిస్తుంటారు. నా దగ్గరికి వచ్చేది ఏసోబు లాంటి వాళ్లు.

ఏసోబు నెక్కొండలో టైలరు. యాభై దాటాయి. తల ఎడమకు మెలితిరిగి, గడ్డం భుజం మీదికి పోయి ఉంది. దీన్ని సర్వైకల్ డిస్టోనియా అంటాం, మెడ కండరాలు తమంతట తామే తలను తిప్పేసే జబ్బు. సూది మీద చూపు నిలవక మిషను మూసేశాడు. క్రిస్మస్‌కు చర్చివాళ్లంతా అతని దగ్గరే కుట్టించుకుంటారు. నిరుడు గుడ్డలు తిప్పి పంపాడు. ఈసారీ పంపితే ఇక ఎవరూ రారని, మిషను అమ్మి ఏదో గోదాముకు వాచ్‌మన్‌గా పోవాల్సిందేనని చెప్పాడు.

తోడు ఎవరొచ్చారంటే ఎవరూ లేరన్నాడు. పిల్లలు లేరు. భార్య సువార్తమ్మ నిరుడు గుండెపోటుతో పోయింది. ఆమెను సమాధి చేసిన కొద్దిరోజులకే తల ఇలా పక్కకు మెలితిరగడం మొదలైందట. దిగులు వల్లేనని అందరూ అన్నారు, దిగులుకు మాత్రలు కూడా మింగాడు.

మెడ పట్టి చూశాను. కుడి చెవి వెనక నుంచి ఛాతీ దాకా దిగే కండరం మోకులా లావెక్కి ఉంది. ఏడాదిలో అంత కాదు, ఏళ్లు పట్టాలి. రోగి దాచిపెడితే నాకు ఒళ్లు మండుతుంది. గట్టిగానే అడిగాను. ముందెన్నడూ లేదని ఒట్టు పెట్టుకున్నాడు.

ఈ జబ్బులో ఒక వింత ఉంది. ముఖం మీద ఎక్కడో ఒకచోట మెల్లగా తాకితే తల దారికొస్తుంది. సెన్సరీ ట్రిక్ అంటాం. అతని గడ్డం కింద రెండు వేళ్లు ఆనించాను, తోయలేదు. తల నెమ్మదిగా తిరిగి నా ఎదుటికి వచ్చింది.



"ఆమె గిట్లనే పెడుతుండె మేడం," అన్నాడు ఏసోబు. "పక్కన కూసోని కాజాలు కుట్టుకుంట, నడుమ నడుమ గదవ కింద చెయ్యి పెడుతుండె. ముద్దు చేస్తాందనుకున్న. గిరాకి ముందట సిగ్గయి, తియ్యమని కసురుకుంటుంటి."

అది జబ్బని ఇద్దరికీ తెలియదు. తల పక్కకు పోతుంటే ఆమె సర్దింది, అంతే. అలా ఎన్నేళ్లు సర్దిందో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు. అతను ఏడ్చాడు.

ఆ రోజే ఇంజెక్షన్లు ఇచ్చాను. మందు వల్ల మింగడం కష్టమైతే ఇంట్లోవాళ్లకు చెప్పండని అలవాటు కొద్దీ అనేసి నాలుక కరుచుకున్నాను. నా ఫోన్ నంబరు రాసిచ్చాను.

దసరా దాటాక చూపించుకోవడానికి వచ్చాడు. మెడ నిటారుగా ఉంది. క్రిస్మస్ గుడ్డలు రావడం మొదలైందట. నా పనితనానికి నేనే మురిసిపోయి, ఇంక ఫికర్ లేదు కదా ఏసోబన్నా అన్నాను.

"పనికి ఫికర్ లేదు మేడం," అన్నాడు. "ఆమె నాకు ఎడమ పక్కకే కూసునేది. మొన్నటిదాంక తల దానంతటదే అటు పోతుండె. ఇప్పుడు పోతలేదు."

మందు ఇవ్వడం తప్పు కాదు. అదే మెడ మళ్లీ వస్తే అదే మందు ఇస్తాను. కాకపోతే, బాగైన మెడతో ఆ మనిషి ఆ ఖాళీ చోటు పక్కన రోజంతా ఒక్కడే కూర్చుని కుడతాడని అంతకుముందు నేను ఆలోచించలేదు. ఇప్పుడు మెడ జబ్బుతో ఎవరొచ్చినా, ఎక్కడ తాకితే తగ్గుతుందని అడిగి ఊరుకోను, ఎవరు తాకితే అని కూడా అడుగుతాను. కొందరు ఎవరూ లేరంటారు. ఇంజెక్షన్ అయ్యాక వాళ్లను వెంటనే లేవమనను, కాసేపు నా దగ్గరే కూర్చోనిస్తాను.