చెయ్యి మారని గుర్రం

దుబాయిలో ఏటా జరిగే పెద్ద గుర్రప్పందేనికి లోకంలోని దొరలంతా దిగుతారు. వాళ్లలో ఒక్కరికీ మన రుద్రంగి ఓదెలు తెలియదు. పందెపు గుర్రం లద్ది ఎత్తే మనిషిని ఎవరడిగారు గనక?

ఓదెలు కల్లు గీసే గౌండ్లాయన. వరసగా కరువొచ్చి తాటిచెట్లు కల్లు పారడం మానేస్తే, కోరుట్ల ఏజెంటు ఒకడు "ఖర్జూర చెట్లెక్కే పని, నీకు నల్లేరు మీద బండి నడకే" అని విమానం ఎక్కించాడు. కొన్నాళ్లు చెట్లెక్కించారు. ఆ తర్వాత మనుషులు చాలడం లేదని గుర్రాల కొట్టంలోకి తోశారు. అప్పట్నుంచి పాస్‌పోర్టు మేనేజరు బీరువాలో, ఓదెలు గుర్రం వెనకాల.

గౌండ్లవాళ్లలో ఒక పట్టింపు ఉంది. ఒకరు గీసే చెట్టు మీద ఇంకొకరు కత్తి పెట్టకూడదు, చెయ్యి మారితే చెట్టు సరిగా పారదు. ఈ మహానుభావుడు ఆ పట్టింపును ఎడారి దాకా మోసుకుపోయి గుర్రానికి తగిలించాడు. తనకు అప్పగించిన నల్లగుర్రాన్ని వేరే ఎవరినీ ముట్టనివ్వలేదు. దాణా తనే, నీళ్లు తనే, కాళ్లకు పట్టీలు తనే. తోటివాళ్లు నవ్వితే నవ్వారు, గుర్రం మాత్రం నిగనిగలాడింది.

ఈసారి పెద్ద పందేనికి ఆ గుర్రమే దిగుతోంది. పందెం అయిపోగానే ఇంటికి పొమ్మని మేనేజరు మాటిచ్చాడు. ఓదెలుకు కావలసింది అదే. ఉగాది మర్నాడు రుద్రంగిలో కల్లు సొసైటీ వాళ్లు చెట్లు పంచుకుంటారు. కరువు తీరి చెట్లు మళ్లీ పారడం మొదలయ్యాక, చెయ్యి మారినా సరేనని అతని వాటా చెట్లను బామ్మర్ది శ్రీహరి గీస్తూ నిలబెట్టాడు. ఈ ఏడు మనిషి వచ్చి ఎదురుగా నిలబడకపోతే ఆ వాటా ఇంకొకరికి పోతుందని సొసైటీ పెద్ద రాజమల్లు ముందే చెప్పేశాడు. చెట్లు పోతే ఊళ్లో ఓదెలు చేసే పనేదీ లేదు. బతుకంతా ఈ ఇసుకలోనే.

పందేనికి ముందు నెలంతా ప్రాణం తోడేశారు. తెల్లవారకముందే గుర్రాన్ని నడిపించాలి. పరుగు తీసొస్తే చన్నీళ్లు కొట్టాలి, కాళ్లు ఐసునీళ్లలో పెట్టించాలి, చెమట ఆరేదాకా మళ్లీ నడిపించాలి. ఓదెలు నిలబడే కునికేవాడు. ఇంకొన్నాళ్లే గదా అని ఒంటిని బతిమాలుకునేవాడు.

పందెం నాడు అతనికి నల్ల సూటు తొడిగి, టై బిగించి, పగ్గం చేతికిచ్చారు. కెమెరాల ముందు గుర్రాన్ని నడిపించాడు. అక్కడ రుద్రంగిలో కల్లు దుకాణం దగ్గర శ్రీహరి ఫోను చుట్టూ జనం మూగారట. "అగో, మా బావ!" అని శ్రీహరి ఎగిరాడట. గుర్రం గెలిచేసరికి దాన్ని తామే సాదినట్టు అందరూ ఒకరినొకరు వాటేసుకున్నారట.

మర్నాడు ఓదెలు వెళ్లి మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేనేజరు వేరే మనిషి చేత దాణా పెట్టించి చూశాడు. గుర్రం మూతి తిప్పుకుంది. మళ్లీ పెట్టించాడు, మళ్లీ తిప్పుకుంది.

"నువ్వు పోతే ఇది తిండి మానేస్తుంది. ఎండాకాలం వెళ్లనీ, అప్పుడు చూద్దాం" అన్నాడు మేనేజరు.

ఓదెలుకు గుర్రం మీద కోపం రాలేదు. తన మీద తనకే అసహ్యం పుట్టింది. పని అంత బాగా చెయ్యమని ఎవరేడ్చారు? చేజేతులా చేసుకున్నాడు.

ఉగాది వెళ్లింది. చెట్ల పంపకం జరిగిన సాయంత్రం భార్య భాగ్య ఫోన్ చేసింది.

"మన తాటిచెట్లు సాయిలుకు ఇచ్చిన్రు."

"శ్రీహరి ఏం మాట్లాడలేదా? జర ఆగుమని అడగలేదా?"

"అడగకేం, కాళ్లు మొక్కినంత పని జేసిండు. రాజమల్లు ఇనలేదు. 'అందరం ఫోన్ల సూసినం గదా, సూటేసుకొని దొర లెక్క నడిచిండు. గసొంటోనికి తాళ్లెందుకు? సాయిలు ఇంట్ల పొయ్యి లేస్తలేదు' అన్నడు. అందరు అవునన్నరు. నాకు కాదనబుద్ధి గాలె."

ఓదెలు గోడకు జారగిలబడ్డాడు.

"ఏమయ్యా, గా సూటన్న నీకిచ్చిన్రా?" అని అడిగింది భాగ్య.

"లేదు. గుర్రం గెలిచి కొట్టానికి రాంగనే ఇడిపిచ్చుకున్నరు."