ఒక్కసారే అడిగాను

మా క్లబ్బులో చేరిన మొదటి వారమే నాకొక నియమం నేర్పారు. సాయం కావాలా అని ఎవరినైనా ఒక్కసారే అడగాలి. కావాలంటే చేయాలి. వద్దంటే ఫారం మీద ‘వద్దన్నారు’ అనే గడిలో టిక్కు పెట్టి, నవ్వి, బయటికి వచ్చేయాలి. రెండోసారి అడిగితే అది ఒత్తిడి చేయడం కిందికి వస్తుందట. ఈ సంగతి చెప్పింది మా సెక్రటరీ. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఇప్పటికీ ఆవిడ గదిలోకి వస్తే నేను తెలియకుండానే నిటారుగా కూర్చుంటాను. “కిటికీలు అమ్మేవాళ్ళూ, పైకప్పు బాగుచేస్తామనేవాళ్ళూ ముసలివాళ్ళ తలుపు తట్టి, ఊ అనేదాకా వదలరు. మనం వాళ్ళలా ఉండకూడదు” అందావిడ.

ఆ నియమం నాకెంత నచ్చిందో చెప్పలేను. నేను కృష్ణా జిల్లాలో పెరిగినదాన్ని. పెళ్ళయిన కొత్తలో చుట్టాల ఇళ్ళకు భోజనానికి వెళ్తే, చాలు బాబోయ్ అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వినేవాళ్ళు కాదు. ఆ చేతి మీదే నెయ్యి పోసిన మా ఆయన మేనత్త ఒకావిడ ఉండేది. పెట్టేవాళ్ళు ఒకసారి అడిగితే లెక్క కాదు, తినేవాళ్ళు ఒకసారి వద్దంటే లెక్క కాదు. నాకా, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ తంతంతా ఏమిటి, కావాలంటే కావాలనలేరా, వద్దంటే వదిలేయలేరా అని లోపల్లోపల రుసరుసలాడేదాన్ని. బర్మింగ్‌హామ్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా, ఇక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళల్లోనూ అదే వరస. అందుకే సెక్రటరీ మాట విని, మనిషి మాటకు విలువివ్వడమంటే ఇదీ అనుకున్నాను. ఇంటికి వచ్చి మా ఆయనకు దాని మీద ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆయన టీవీ చూస్తూ ఊ కొట్టాడు.

క్లబ్బంటే పెద్ద హంగామా ఏమీ కాదు. మంగళవారాలు చర్చి పక్కనున్న చిన్న హాల్లో కలుస్తాం. అధ్యక్షుడు ఒక రిటైరైన పోస్ట్‌మాన్. దాదాపు అందరూ ఇక్కడివాళ్ళే, ఉద్యోగాలు ముగించుకున్నవాళ్ళే. తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. ఊళ్ళోవాళ్ళ దగ్గర పాత కళ్ళజోళ్ళు సేకరించి, కడిగి, పవరు చూసి చీటీలు అంటించి, అవి దొరకని దేశాలకు పంపిస్తాం. ఎక్కడైనా వరదలొస్తే దుప్పట్లు కట్టలు కడతాం. దగ్గర్లో ఉన్నవాళ్ళకైతే వేడి భోజనం ఇచ్చి రావడం, ఆసుపత్రికి కారులో తీసుకెళ్ళి తీసుకురావడం. దానికి ఎవరి వంతు ఏ రోజో రాసిన రోటా ఒకటి ఉంది. గురువారాలు కారు నాది. ఆఫీసు ఉద్యోగం మానేశాక, అమ్మాయి యూనివర్సిటీకి వెళ్ళాక, ఇంట్లో తోచక చేరాను గానీ, చేరాక ఆ పని నాకు బాగా నచ్చింది. మంచిదాన్నని నాకు నేనే అనుకునే అలవాటు కూడా అక్కడే మొదలైంది.

అక్టోబరులో, ఆకులు రాలే రోజుల్లో, ఒక సర్జరీ నుంచి మా క్లబ్బుకు ఫోన్ వచ్చింది. సర్జరీ అంటే ఇక్కడ పేటలో ఉండే డాక్టరుగారి ఆఫీసు. కాలికి మానని పుండు ఉన్న ఒక పెద్దావిడ కట్టు మార్పించుకోవడానికి వారానికి రెండుసార్లు క్లినిక్‌కి వెళ్ళాలి. ఇంగ్లీషు అంతగా రాదు. భాష తెలుగు. సెక్రటరీ ఆ కాగితం నా చేతికిస్తూ, “ఇది నీకోసమే వచ్చినట్టుంది” అంది. నిజంగానే ఎగిరి గంతేసినంత పని చేశాను. అన్నాళ్ళకు క్లబ్బులో నేను మాత్రమే చేయగలిగిన పని ఒకటి దొరికింది.

రెండో అంతస్తులో ఫ్లాట్. తలుపు తీసిన మనిషి నా భుజానికి వస్తుంది. చీర మీద కొడుకుదేమో పెద్ద స్వెట్టరు, ఒక కాలికి మోకాలి దాకా కట్టు. నేను తెలుగులో పలకరించగానే మొహం ఇంత చేసుకుని లోపలికి లాక్కెళ్ళింది.

“కూర్చో తల్లీ. కాఫీ పెడతా.”

“వద్దాంటీ, ఇప్పుడే తాగొచ్చాను.”

“ఎప్పుడు తాగావో ఏవిటో. కొంచెం పెడతాలే.”

“నిజంగా వద్దండీ. కాలు కూడా బాలేదు, మీకెందుకు శ్రమ?”

“కాలికీ కాఫీకీ ఏం సంబంధం? చిటికెలో పెడతా, కూర్చో.”

సరేనన్నాను. అసలు సంగతి, పొద్దున్నుంచీ నేను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆవిడ స్టీలు గ్లాసులో నురగలు కక్కే కాఫీ తెచ్చిస్తే ప్రాణం లేచి వచ్చింది. ఆవిడ మూడుసార్లు అడగడం, నేను రెండుసార్లు వద్దనడం ఆ రోజు నాకు వినపడలేదు. తర్వాత కొన్ని వందలసార్లు వినపడ్డాయి.

ఆవిడది గుంటూరు వైపు. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చేసి చాలా ఏళ్ళయింది. కొడుకు గోడౌన్‌లో పని చేస్తాడు, తెల్లారకముందే వెళ్ళిపోతాడు. కోడలు లేదు, ఆ సంగతి నేను అడగలేదు. క్లినిక్‌కి రెండు బస్సులు మారాలి. మొదటి స్టాపు దాకా నడక, రెండోది దిగాక మళ్ళీ కొంచెం ఎత్తు. “ఆ ఎత్తు దగ్గరే కాస్త ఆయాసం వస్తది” అంది నవ్వుతూ. నేను ఫారం తీశాను.

“ఆంటీ, మా క్లబ్బు వాళ్ళం కార్లో మిమ్మల్ని క్లినిక్‌కి తీసుకెళ్ళి, పనయ్యాక ఇంటి దగ్గర దింపుతాం. మీకు కావాలా?”

ఆవిడ కొంగు సర్దుకుంది. “అయ్యో, మీకంత శ్రమ ఎందుకమ్మా? వద్దులే. బస్సుంది కదా. పాసు కూడా ఇచ్చారు నాకు.”

“సరే ఆంటీ, మీ ఇష్టం” అని గడిలో టిక్కు పెట్టాను.

ఆవిడ పెన్ను వంక చూసింది, తర్వాత నా మొహం వంక చూసింది. ఇంకేదో అంటానని ఎదురుచూస్తున్నట్టుగా ఒక్క క్షణం అలాగే ఉంది. నేను క్లబ్బు ఫోన్ నంబరున్న కాగితం బల్ల మీద పెట్టాను. అది ఇంగ్లీషులో ఉంది. ఆవిడ లిఫ్టు దాకా వచ్చి మరీ సాగనంపింది.

కారులో కూర్చున్నాక నా మీద నాకు గర్వంగా అనిపించింది. అదే మా వాళ్ళైతే ఆవిడ్ని బతిమాలి, బలవంతం చేసి, నానా హడావిడీ చేసి ఉండేవాళ్ళు అనుకున్నాను.

ఆ తర్వాత ఒక గురువారం ఇంకొకాయన్ని కంటి ఆసుపత్రికి తీసుకెళ్తూ ఆవిడ్ని చూశాను. బస్‌స్టాపులో బెంచీ మీద, కోటు పైన శాలువా, తలకు మంకీ క్యాప్, కట్టు కట్టిన కాలు ముందుకు చాపుకుని. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం. వెనక సీటు ఖాళీగా ఉంది. నేను చెయ్యి ఊపాను. ఆవిడ రెండు చేతులూ ఎత్తి ఊపింది. ఎంత ధైర్యం, ఎవరి మీదా ఆధారపడదు అని పక్కనున్నాయనకు చెప్పాను కూడా. లైటు పచ్చగా మారింది, వెళ్ళిపోయాం.

జనవరిలో గడ్డకట్టే చలి పడిన వారం, మంగళవారం మీటింగులో సెక్రటరీ నన్ను పక్కకు పిలిచింది. సర్జరీ వాళ్ళు ఫోన్ చేశారట. ఆ పెద్దావిడ క్లినిక్‌కి వెళ్తూ, రెండో బస్సు దిగాక ఆ ఎత్తు మీద మంచుకి జారి పడిందట. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు.

నా మొహం చూసి సెక్రటరీ ఫైలు తెరిచి ఫారం తీసింది. నా చేతిరాత, నా టిక్కు, నా సంతకం. “చూడు, ఆవిడ వద్దంది. నువ్వు చేయవలసినట్టే చేశావు” అంది. నిజంగా ఓదారుస్తూనే అంది. నేనేమో ఏడుస్తూ, అది వద్దనడం కాదు, మొహమాటం అన్నాను. ఆ మాటకు ఇంగ్లీషు వెతికాను. సిగ్గు అన్నాను, కాదు. మర్యాద అన్నాను, అదీ కాదు. ఎదుటివాళ్ళకు బరువు కాకూడదని మొదట వద్దంటాం, వాళ్ళు నిజంగానే అడుగుతున్నారని తెలిశాక సరేనంటాం అని చెప్పాను. మా అధ్యక్షుడు పోస్ట్‌మాన్ కూడా వచ్చి, పాపం చాలా శ్రద్ధగా విన్నాడు. “అయితే ఆవిడకు కారు కావాలా, వద్దా?” అని అడిగాడు.

“కావాలి” అన్నాను.

“మరి ఆవిడ ఏమంది?”

“వద్దంది.”

ఆయన టీ కప్పు నా వైపు జరిపాడు. సాయంత్రం మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పుకుంటే, “బట్ షీ సెడ్ నో, మమ్” అంది. అది ఇక్కడ పుట్టిన పిల్ల. దాన్ని తప్పు పట్టడానికి లేదు. తప్పు పట్టవలసిన మనిషి ఈ ఊరంతా కలిపి ఒక్కతే ఉంది, అది నేను.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. ఆవిడ మంచంలో ఇంకా చిన్నగా కనిపించింది. నన్ను చూసి గుర్తుపట్టి, “కాఫీ అమ్మాయివి కదూ” అంది. ఆంటీ, ఆ రోజు నేను, అని మొదలుపెట్టాను. సాగనివ్వలేదు. “ఆ రోజు కాఫీలో పంచదార తక్కువైంది. నువ్వెళ్ళాక నేను తాగితే తెలిసింది. ఎంత బాధపడ్డానో” అంది. దాన్ని క్షమించడం అనుకోవాలో, ఆవిడకు అసలా ఫారం సంగతే గుర్తులేదనుకోవాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

లేచి బయల్దేరుతూ, “రోజూ వస్తానాంటీ” అన్నాను.

“అయ్యో వద్దమ్మా. ఎక్కడి నుంచో పడి రావాలి. నీకు శ్రమ.”

“శ్రమేం కాదు. వస్తాను” అన్నాను.

“అయితే పొద్దున్నే రా” అంది వెంటనే. “పదింటికల్లా వాళ్ళు తుడవడం అదీ అయిపోద్ది. నువ్వొస్తే కాస్త తల దువ్విపెడుదువు గానీ. ఈ నర్సు పిల్లలు మంచోళ్ళే, చిక్కు తియ్యటం రాదు వీళ్ళకి. దువ్వెన అందులో ఉంది చూడు. కొబ్బరినూనె తెస్తావా ఇంటి నుంచి?”

అంతే. గుక్క తిప్పుకునేంత సేపు కూడా పట్టలేదు. సరేననడమే కాదు, టైముతో సహా, దువ్వెనతో సహా, నూనెతో సహా అన్నీ ముందే అనుకుని సిద్ధంగా పెట్టుకుంది. బయటికి వచ్చి కారిడార్‌లో గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఒక నర్సు వచ్చి కుర్చీ కావాలా అని అడిగింది. వద్దన్నాను. ఆమె వెళ్ళిపోయింది.

తొమ్మిది రోజులు వెళ్ళాను. తల దువ్వి, నూనె రాసి, సన్నటి జడ వేసేదాన్ని. కళ్ళు మూసుకుని పిల్లలా కూర్చునేది. కట్టు కట్టే క్లినిక్ నర్సు గురించి, రెండో బస్సు డ్రైవర్ గురించి చెప్పేది. ఆ డ్రైవర్ ఈవిడ కూర్చునేదాకా బస్సు కదిలించేవాడు కాదట. పదో రోజు వెళ్ళేసరికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు, ముక్కుకి మాస్కు పెట్టి ఉంది. దువ్వెన పట్టుకుని పక్కన కూర్చున్నాను, తల ఎత్తకూడదన్నారు. ఆ ఆదివారం పోయింది. జుట్టు అలాగే చిక్కుపడి ఉంది. నాకు ఆ జుట్టే కళ్ళల్లో ఉండిపోయింది, మొహం కంటే.

దహనమయ్యాక కొన్ని రోజులు ఆగి, ఒక మధ్యాహ్నం అన్నం, చారు, బెండకాయ వేపుడు చేసుకుని ఆ ఫ్లాట్‌కి వెళ్ళాను. కొడుకు ఒక్కడే ఉన్నాడు. నలభై ఉంటాయేమో, గడ్డం పెరిగి ఉంది. గోడౌన్ జాకెట్ ఇంకా విప్పలేదు. డబ్బాలు అందుకుని, ఆసుపత్రికి రోజూ వచ్చినందుకు నాకు దండం పెట్టాడు. ఆ దండం నేను భరించలేకపోయాను. చెప్పేద్దామనుకున్నాను, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అతనే మొదలుపెట్టాడు.

“ఒకటి అడుగుదామనుకుంటున్నానండీ. అప్పుడు సర్జరీ వాళ్ళు ఏదో క్లబ్బు కారు వస్తదన్నారు అమ్మకి. నేను డ్యూటీ నుంచి వచ్చి రోజూ అడిగేవాణ్ణి, కారు వాళ్ళు వచ్చారా అని. ఒకమ్మాయి వచ్చి వెళ్ళింది, మళ్ళీ వస్తదిలే అనేది. ఆ వచ్చిందెవరో మీకేమైనా తెలుసా?”

“నేనే” అన్నాను. “నేనే వచ్చి అడిగాను. వద్దన్నారు.”

అతను అర్థం కానట్టు చూశాడు. “అమ్మ మొదట వద్దనే అంటదండీ. అన్నం పెట్టినా అంతే. ఎన్నిసార్లు అడిగారు?”

“ఒక్కసారి.”

కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది. అడ్రసు తప్పి వచ్చిన మనిషిని చూసినట్టు నన్ను కాసేపు చూశాడు. డబ్బాలు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. తర్వాత చాలా మెల్లగా, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నట్టుగా అడిగాడు.

“మీరు తెలుగువాళ్ళే కదండీ?”

అవునన్నాను.