తమ్ముడి గొంతు, ఏడు నిమిషాలు

మా బీరువా కింది అరలో నలభై ఒక్క ఖాళీ క్యాసెట్లు ఉన్నాయి. పదిహేడింటి పైనున్న పల్చటి కాగితం ఇంకా చింపలేదు. మిగతా ఇరవై నాలుగూ విప్పేసినవే. శృంగవరపుకోటలో లెక్కల టీచరుగా రిటైరయ్యాక ఆరేళ్లలో ఇవన్నీ పోగుచేశాను. మా తమ్ముడి గొంతు ఒక పాత టేపులో ఏడు నిమిషాలు మిగిలి ఉందని, దాన్ని ఎలాగైనా వినాలని.

మాది భావనపాడు, చేపల వేట మీద బతికే ఇల్లు. తమ్ముడు బడికి వెళ్లలేదు, అమ్మకూ చదువు లేదు. వాడు గుజరాత్ బోట్ల మీదికి వెళ్లాక ఉత్తరాలకు బదులు క్యాసెట్ నడిచేది. ఊరికి వచ్చేవాళ్ల చేత వాడు పంపేవాడు. మేం విని, టేపు వెనక్కి తిప్పి, వాడి మాటల మీదే మా జవాబు ఎక్కించి, వెళ్లేవాళ్ల చేతికి ఇచ్చేవాళ్లం. అరగంట పట్టే ఒక్క పక్కే మా ఉత్తరం. రెండో పక్క వాడు పాటలు ఎక్కించుకున్నాడు, దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. కొత్త మాట ఎక్కితే పాత మాట పోయేది. బోట్ల మీదికి మనుషుల్ని పంపిన ఇళ్లన్నిట్లో అంతే. మనిషి వస్తాడు కదా అని ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

వాడి ఆఖరి క్యాసెట్‌లో మాటలు ఇరవై ఆరు నిమిషాలు. మా జవాబు పందొమ్మిది. రెండూ గడియారం చూసి నోటుబుక్కులో రాశాను. జవాబు పంపిన పన్నెండో రోజున బోటు బోల్తా పడింది. శవం దొరకలేదు. వాడి రేకుపెట్టె వచ్చింది, అందులో క్యాసెట్ ఉంది. ఇరవై ఆరులో పందొమ్మిది పోతే ఏడు. మా మాటలు అయిపోయిన చోట వాడి మాటలు ఏడు నిమిషాలు ఉండాలి.

అమ్మ బతికున్నన్నాళ్లూ దాన్ని పెట్టనివ్వలేదు. "ఆడి గొంతు ఇన్నానంటే నేనుండనే" అనేది. అమ్మ పోయాక పెడితే తిరగలేదు. టేపు బూజు పట్టింది. దాన్ని అదిమిపట్టే స్పాంజి ముక్క ఊడిపోయింది. డొప్ప అతికించేసిన రకం, పగలగొట్టాలే తప్ప విప్పడానికి లేదు. టేపును స్క్రూలున్న వేరే డొప్పలోకి మార్చాలి. అందుకే ఖాళీ క్యాసెట్లు.

కొత్తవలసలో ఒకప్పుడు పాటలు ఎక్కించి ఇచ్చిన దుకాణదారు ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నాడు. పాత సరుకు అటక మీద ఉంది.

"ఏటమ్మా, పాటల్లేని క్యాసెట్లు ఏటి సేసుకుంతావు? అన్నంలో నంజుకుంతావా?"

"ముందు స్క్రూలున్నవి తియ్యి. ఎన్నున్నాయో సూసి సెప్పు."

"అయిదు. పంతులమ్మవి, లెక్కెట్టకుండా ఊపిరైనా తియ్యవు కదా!"

చెయ్యి కుదరడానికి ఇరవై మూడు పాడుచేశాను. ఇరవై నాలుగోదాని డొప్పలోకి, కిందటి నెల ఒక ఆదివారం మధ్యాహ్నం, తమ్ముడి టేపు మార్చాను. అంతకుముందు నాలుగు రోజులు కూర్చుని దూదితో బూజు తుడిచాను.

తిరిగింది. పందొమ్మిది నిమిషాలు నేనూ అమ్మా. ఇంటి పైకప్పు, మేనత్త జ్వరం, ఎండబెట్టిన చేపలు వానకు తడవడం. తర్వాత అమ్మ గొంతు: "అయిపోనాది కదే, ఆపీ."

నా గొంతు: "ఆపకమ్మా. సివరికంటా తిరగనీ. మన మాటల ఎనకాల ఆడి పాత మాటలుంటే బాగోదు. సుబ్బరంగా పోవాల."

"ఉండనీవే, ఆడివే కదా."

"నువ్వూరుకో."

ఆ మాట అన్నట్టు నాకు గుర్తే లేదు. మాట్లాడడం ఆపిన సమయం రాసుకున్నాను గానీ, రికార్డు మీట ఆపిన సమయం రాసుకోలేదు. ఆ తర్వాత పదకొండు నిమిషాలు సముద్రం హోరు, ఒక కోడి, రెండుసార్లు అమ్మ దగ్గు. టేపు చివరికి వచ్చి టక్కుమని ఆగింది.

నోటుబుక్కు తీసి, మా జవాబు దగ్గర పందొమ్మిది కొట్టేసి, ముప్పై అని రాశాను.