పైన ఎవరి బొమ్మ?

2025 చలికాలం. మాచర్ల బస్టాండు వెనక సందులో మాది ఫ్లెక్సీ షాపు. మా ఆయన మెషీన్ చూసుకుంటాడు, డిజైన్ పని నాది. సర్పంచి ఎన్నికలు రేపో మాపో అంటున్న రోజులు కావడంతో మాకు అన్నం తినే తీరిక కూడా లేదు.

ఫ్లెక్సీకి రంగుల కంటే ప్రోటోకాల్ ముఖ్యం. అంటే ఎవరి బొమ్మ ఎక్కడ, ఎంత సైజులో ఉండాలన్నది. పై వరసలో పెద్ద నాయకులు, మధ్యలో ఊరిపెద్ద, అట్టడుగున తపాలా బిళ్లలంత అనుచరులు. పుట్టినరోజైనా చావైనా ఇదే పద్ధతి. ఇందులో తేడా వస్తే షాపు షట్టరు దించుకోవాల్సిందే.

పక్క పల్లెలో ఒక పెద్ద కుటుంబం ఉంది. ఊరి రాజకీయం, పంచాయితీలు, స్టేషన్‌లో మాట, అన్నీ వాళ్లవే. ఆ ఇంటి యజమానిని అందరూ పెద్దాయన అంటారు. సాంబయ్యన్న ఆ ఇంటికి పాత అనుచరుడు. ఏళ్ల తరబడి ప్రతి ఫ్లెక్సీలోనూ ఆయన బొమ్మను అడుగు వరసలో పెట్టింది నేనే.

ఒకరోజు ఆ ఇంటి చినబాబు ఫోన్‌లో ఏదో హిందీ క్రైమ్ సిరీస్ పోస్టర్ చూపించి, "మా నాన్న పుట్టినరోజుకి అచ్చం ఇట్టాగే కావాలక్కా" అన్నాడు. సింహాసనం లాంటి కుర్చీలో తండ్రి, వెనక కొడుకులు, ఒళ్లో తుపాకి.

"తుపాకి తీసేద్దామా బాబూ?"

"ఉండనియ్యక్కా. జనానికి తెలియాలిగా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. కుర్రాడి సిరీస్ పిచ్చి అనుకున్నాను. ఆ ఫ్లెక్సీని ఊరి సెంటర్లో దగ్గరుండి కట్టించింది సాంబయ్యన్నే.

కొన్నాళ్లకు ఆయనే ఒంటరిగా వచ్చాడు.

"చెల్లెమ్మా, ఈసారి నా బొమ్మ పెద్దది పెట్టు. సర్పంచికి నిలబడతన్నా."

"పైన పెద్దాయన బొమ్మ?"

"అక్కర్లా. చానా ఏళ్లు మోశా. ఈ ఒక్కసారి నేనే ఉండాల."

భయపడుతూనే డిజైన్ చేశాను. ఆయన మాత్రం ప్రూఫ్, అంటే ప్రింటుకు ముందు చూపించే నమూనా, చూసుకుని పెళ్లికొడుకులా మురిసిపోయాడు. నోటిఫికేషన్ రాగానే ప్రింటు తియ్యమన్నాడు.

ఆ ప్రింటు తియ్యనే లేదు. పొలం నుంచి వస్తుంటే ట్రాక్టర్ గుద్ది సాంబయ్యన్న పోయాడు. యాక్సిడెంటని కేసు రాసుకున్నారు. ఆ ట్రాక్టర్ ఎవరు పంపారో ఊళ్లో పసిపిల్లాడికి కూడా తెలుసు. చెప్పే నోరు మాత్రం ఒక్కటీ లేదు.

పెద్దకర్మకి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కోసం ఆయన భార్య కోటేశ్వరమ్మ వచ్చింది. కళ్లలో తడి లేదు. "ఆయన బొమ్మ ఒక్కటే ఎయ్యమ్మాయ్. ఆ ఇంటోళ్ల నీడ కూడా పడకూడదు" అంది. ఆయన మురిసిపోయిన ఆ బొమ్మనే నిలువెత్తున వేసి ఇచ్చాను. భయం వేసింది కానీ, ఆ పని చేసినందుకు సంతోషంగానూ ఉంది.

మర్నాడు అదే ఫ్లెక్సీని చుట్టి చంకలో పెట్టుకుని ఆమె మళ్లీ వచ్చింది.

"పైన పెద్దాయన బొమ్మ పెట్టు. పెద్దదిగా."

"ఏంది వదినా నువ్వనేది?"

"నిన్న చినబాబు ఇంటికొచ్చాడు. అరవలా, తిట్టలా. పరామర్శకొచ్చినోడిలా కూకున్నాడు. 'మా మనిషిని మా నాన్న బొమ్మ లేకుండా ఎట్టా సాగనంపుతావ్ పిన్నీ?' అన్నాడు. పోతా పోతా, మా పిల్ల ఏ బస్సులో కాలేజీకి పోతదో అడిగాడు."

పెద్దాయన చేతులు జోడించిన ఫోటో నా కంప్యూటర్లో ఎప్పుడూ ఉంటుంది. శ్రద్ధాంజలికి అదే వాడతాం. దాన్ని తెచ్చి పైన పెట్టాను. దానికి చోటివ్వాలంటే సాంబయ్యన్నను కిందికి జరిపి తగ్గించాలి. సగానికి తగ్గించి, ఇక చేతులు రాక ఆగిపోయాను.

నా వెనకే నిలబడి చూస్తున్న కోటేశ్వరమ్మ అంది: "ఇంకొంచెం తగ్గించమ్మా. మళ్లీ నన్ను తిప్పొద్దు."

ఆ మాటకు ఏడ్చింది నేనే. ఆమె ఏడవలేదు.

కర్మనాడు దండలు తెచ్చినవాళ్లంతా ముందు పైనున్న బొమ్మకే నమస్కారం పెట్టారట. ఆ కుర్రాడిది సిరీస్ పిచ్చి అనుకున్నాను గానీ, వాళ్ల బతుకే అదని నాకు తెలియలేదు. మా వైపు మనిషిని చంపినవాళ్లకు ఆ చావు మీద కూడా హక్కుంటుందని ఈ పనిలోనే నేర్చుకున్నాను. ఇప్పుడు శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి ఎవరొచ్చినా, పోయినవాళ్ల పేరు కంటే ముందు ఒకటే అడుగుతాను: పైన ఎవరి బొమ్మ వెయ్యాలి?