కన్వర్టర్ బిగించబోయిన రోజు

గోపన్‌పల్లి నుంచి నార్సింగి వెళ్లే బస్సులో కూర్చుని, దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూపించే కొత్త టెలికన్వర్టర్‌ను నా కెమెరా చిన్న లెన్స్ వెనక బిగించబోతున్నాను. అది సరిగా కూర్చోవడం లేదు. బలంగా తిప్పాను. పక్క సీట్లోని పెద్దాయన నా మణికట్టును విరిచేసేంత గట్టిగా పట్టుకున్నాడు.

"ఆగు బిడ్డా! దాని గాజు బయటికి పొడుచుకొచ్చింది, కనిపిస్తలేదా? నీ లెన్స్ గాజుకు గుద్దుకొని పగుల్తది. ఏ లెన్స్‌కు పడ్తదో ముందుగాల చూస్కోవాలె."

"చెయ్యి వదలండి," అన్నాను. వదల్లేదు.

"మా తమ్ముడు గిట్లనే నా లెన్స్ పగలగొట్టిండు. కోపంల ట్రైపాడ్ తీస్కొని వాని మొహం మీద కొట్టిన. నెత్తురు కారుతున్నా ఇంకోటి కొట్టిన. ఒక కన్ను పోయింది." ఆయన గొంతు తగ్గింది. "ఇప్పటికీ నేను తల గోక్కుందామని చెయ్యెత్తినా, మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంటడు."

అప్పుడు తన పట్టు చూసుకుని, ఉలిక్కిపడి వదిలేశాడు.

"నొప్పైందా?"

"లేదండి."

ఆయన కోకాపేటలో దిగిపోయాడు. నా మణికట్టు మీద నాలుగు వేళ్ల గుర్తులు రెండు రోజులు నల్లగా ఉన్నాయి. ఇంట్లో అడిగితే, బస్సులో కడ్డీ తగిలిందని చెప్పాను.