సాంబ ఉభాలు

నా చిన్నప్పుడు టెక్కలి పక్కన మా ఊళ్ళో సాంబ అంటే అందరికీ ఒకటే, సాంబ మసూరి వరి. అందుకే, ఓడలో వంటపని చేసి వచ్చిన మా చిన్న మావయ్య టీచర్స్ డేకి మా చేత సాంబ ఆడిస్తానంటే మా అమ్మమ్మ నోరెళ్ళబెట్టింది.

"ఓలమ్మ, ఉభాలు టేజీ మీద కూడా ఏత్తారేటి?" అంది. మా వైపు వరి నాట్లని ఉభాలంటారు.

అది ఇద్దరు ఎదురెదురుగా పట్టుకుని ఆడే పరదేశపు డాన్సనీ, ఓడలో దొరలు ఆడుతుంటే వంటగది తలుపు సందులోంచి చూసి నేర్చుకున్నాననీ మావయ్య ఎంత చెప్పినా ఆవిడ బుర్రకెక్కలేదు.

మావయ్య నాకూ పక్కింటి పిల్లకీ జత కుదిర్చాడు. పొడుగుదాన్ని కాబట్టి మగవాడి అడుగులు నావి. నేను ముందుకి వేస్తే ఆ పిల్ల వెనక్కి వెయ్యాలి. మోకాళ్ళు మెత్తగా వదిలి, టేప్‌రికార్డర్‌లో డప్పుకి తగ్గట్టు కిందికీ పైకీ ఊగాలి. నాకు రెండు పూటల్లో వచ్చేసింది. ఆ రోజుల్లో నాకు పొగరు కూడా కొంచెం ఎక్కువే. ఆ పిల్ల మాత్రం నాలుగడుగులకోసారి మెడ తిప్పి వెనక్కి చూసేది, చూడగానే తాళం తప్పేది. వారం ఓపిక పట్టి, ఇంక దాన్ని మార్చెయ్యమని మావయ్యతో తెగేసి చెప్పాను. అప్పటికే వాళ్ళమ్మ తన పెళ్ళినాటి చీర కత్తిరించి దానికి గౌను కుట్టేసింది. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను. రేపు చూద్దాంలే అన్నాడు మావయ్య. ఆ పిల్ల గుమ్మంలోనే ఉంది. అంతా విని వెళ్ళిపోయింది.

మర్నాడు అమ్మమ్మ మా ఇద్దర్నీ పొలానికి తీసుకెళ్ళింది.

"నీకు సాంబ వచ్చేసిందట గదే. ఏదీ, సూద్దుం" అని నా చేతిలో నారు కట్ట పెట్టి మడిలో దింపింది.

నాట్లు వేసేవాళ్ళు వంగి వెనక్కే నడవాలి. ముందుకి నడిస్తే వేసిన నారు తొక్కేస్తారు. నాలుగు మొక్కలు పాతానో లేదో, వెనక ఏముందోనని నాకు బెదురు పట్టుకుంది. తిరిగి చూశాను. వరస వంకర పోయింది. మళ్ళీ చూశాను. మూడోసారి కాలు గోతిలో దిగబడి వెల్లకిలా పడ్డాను. ఉభాల ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు అమ్మమ్మ ఆ పిల్లని నా ఎదుటి గట్టు మీద నిలబెట్టి, నా వెనక ఏముందో చెప్పమంది.

"ఎడం పక్కకి జరుగు. గొయ్యుంది. ఇప్పుడేటీ నేదు, ఎల్లు" అంటూ చెబుతూనే ఉంది ఆ పిల్ల.

ఒక్కసారి ఊరుకుంటే నేను మళ్ళీ పడేదాన్ని. దాన్ని ఎవరూ ఏమీ అనేవారు కాదు. అయినా ఊరుకోలేదు. వరస చివరిదాకా నేను మెడ తిప్పలేదు.

"ఎనక్కి నడిసినోళ్ళకి ఎదుటోళ్ళే కళ్ళు, గుంటా. నువ్వు సూడకపోతే అది సూసుకోదేటి మరి?" అంది అమ్మమ్మ.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రం నేనే వెళ్ళి జత మార్చొద్దని మావయ్యకి చెప్పాను. అప్పటిదాకా ఆ పిల్ల వీపు మీద ఊరికే ఆనించి ఉంచిన నా చేతికి ఆ రోజు నుంచి పని దొరికింది. వెనక బల్ల ఉంటే ఇటు, ఖాళీ ఉంటే అటు, వేళ్ళతోనే చెప్పేదాన్ని.

టీచర్స్ డే నాడు వాళ్ళమ్మ కుట్టిన గౌను వేసుకుని ఆ పిల్ల ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. అమ్మమ్మ ముందు బెంచీ మీద కూర్చుని, వరస సక్కగా వచ్చిందని పక్కవాళ్ళందరికీ చెప్పింది. సాంబ వరి కాదని ఆవిడ చివరిదాకా ఒప్పుకోలేదు. ఒప్పుకోనందుకు ఆవిడకి రుణపడి ఉన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలందరికీ నేనే పెద్దదాన్ని. నా ఎదుట ఎవరైనా బెదురుతూ మాటిమాటికీ వెనక్కి చూస్తుంటే నాకు ఇప్పటికీ విసుగొస్తుంది. విసుక్కోబోయే ముందు మాత్రం, నా చెయ్యి ఎక్కడుందో చూసుకుంటాను.